పచ్చ నూగు

లాండ్రీలో మెషీను చూడ్డానికి కోర్టు ఇచ్చిన గడువు రెండు గంటలు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా. ఆలోగా ఏదీ తేలకపోతే ఎల్లుండి దావాలో అమ్మాయి ఓడిపోతుంది. ఇరవై ఏళ్ళు నిండీ నిండని పిల్ల. కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. నష్టపరిహారం రాకపోతే కట్టుడుచెయ్యి లేదు, మళ్ళీ ఆపరేషను లేదు, చదువు లేదు. మిగిలేది జాలి ఒక్కటే. దానితో జీవితం గడవదు.

డిటెక్టివమ్మ అయిదు నిమిషాల ముందే లాండ్రీ గేటు దగ్గర ఆటో దిగింది. వీధి చివర పాలవాడి దగ్గర్నుంచి కోర్టులో బంట్రోతు దాకా అందరికీ ఆవిడ డిటెక్టివమ్మే. పోలీసు ఉద్యోగం మానేసి పదేళ్ళయినా నడకలో ఆ తొందర మాత్రం పోలేదు.

అంతకుముందు దారిలో అమ్మాయి తరఫు లాయరమ్మ ఫోను చేసింది.

"చూడండీ, ఆ పిల్ల చెయ్యలేదని తేల్చండి, చాలు. ఆపైన ఒక్క ప్రశ్న కూడా అడక్కండి. జడ్జిగారు పిలుస్తున్నారు, మళ్ళీ మాట్లాడతా."

లాయర్లందరూ అనే మాటే కదా అనుకుని ఊరుకుంది.

లోపల, పనిలేక చల్లబడ్డ ఇస్త్రీ రోలర్ పక్కన, అవతలి పక్షం మనిషి అప్పుడే వచ్చి నిలబడి ఉన్నాడు. ఇన్సూరెన్స్ కంపెనీ పరిశోధకుడు. కోర్టు వరండాలో అతన్ని నవ్వుమొహం అంటారు. చావు కబురైనా నవ్వుతూనే చెబుతాడు. ఒకప్పుడు ఇద్దరిదీ ఒకటే స్టేషను, అప్పట్లో అతను ఆవిడ కింద పనిచేశాడు.

"రండక్కా, రండి. మీకోసం కుర్చీ వేయించాను."

"కూర్చుంటే మెషీను కనపడదు తమ్ముడూ. నువ్వు కూర్చో. నీకు కూర్చున్నందుకే కదా జీతం."

"మీ నోరింకా అలాగే ఉందక్కా, చల్లగా ఉండాలి."

దావా లాండ్రీ ఓనరు మీద వేసిందే. కానీ ఓనరుకి లాయర్ని పెట్టింది, కేసు నడిపిస్తున్నది, ఓడిపోతే డబ్బు కట్టాల్సింది కూడా ఇన్సూరెన్స్ కంపెనీయే. పనివాళ్ళకి తన అజాగ్రత్త వల్ల దెబ్బ తగిలితే కంపెనీ చూసుకుంటుందని ఓనరు ఏటా పాలసీ కడుతూ వచ్చాడు. అందుకే నవ్వుమొహం ఇవాళ ఓనరు పక్కన నిలబడ్డాడు.

కోర్టు పంపిన అమీనా సీలు విప్పి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించుకుని, ఫ్యాను గాలి తగిలేచోట గోడకి చేరగిలబడ్డాడు.

ఆస్పత్రుల దుప్పట్లూ, హోటళ్ళ దుప్పట్లూ తడిగా ఒకపక్క పెడితే రెండోపక్క ఇస్త్రీ అయి వచ్చే మెషీను అది. రెండు వేడి రోలర్లు, వాటి ముందు వేలెత్తున ఒక కడ్డీ. చెయ్యి పొరపాటున లోపలికి పోబోతే ముందు కడ్డీకి తగులుతుంది, తగలగానే రోలర్లు ఆగిపోతాయి. ఆ రోజు ఆగలేదు. కడ్డీ నుంచి వచ్చే కనెక్షనుకి పక్కదారిగా స్విచ్చుల పెట్టెలో ఎవరో ఒక తీగముక్క కలిపారు. ఇక కడ్డీని ఎంత నొక్కినా మెషీనుకి తెలియదు. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు తీగని చూశాడు, సీలు వేశాడు, ఎవరు కలిపారన్నది రాయలేదు.

ఓనరు కోర్టుకిచ్చిన జవాబు ఇది: ఆడపిల్లలకి దుప్పటికింత అని కూలి. మెషీను మాటిమాటికీ ఆగితే వాళ్ళకే నష్టం. పెట్టె మూత బొట్టుబిళ్ళంత పిల్ల కూడా విప్పగలదు. కనక ఆ అమ్మాయే తీగ కలుపుకుంది, ఎవరి కర్మకి ఎవరు బాధ్యులు?

"మూత విప్పించండి" అంది డిటెక్టివమ్మ.

ఓనరు మెకానిక్‌ని కేకేశాడు. సన్నటి మనిషి, నెరిసిన గడ్డం, భుజమ్మీద నూనె గుడ్డ. వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, మూత మరలు విప్పాడు. చెయ్యి పోయిన అమ్మాయికి ఆయన తండ్రి. కూతుర్ని మింగిన మెషీను ఉన్నచోటే ఇంకా పని చేస్తున్నాడు.

"ఇక్కడే ఎలా ఉంటున్నారండీ?" అంది ఆవిడ గొంతు తగ్గించి.

"ఈ వయసులో ఇంకెక్కడ రమ్మంటారమ్మా" అని, మరలు జేబులో వేసుకుని, వెళ్ళిపోయాడు.

పెట్టెలో తీగలకంటే ముందు కనిపించింది నూగు. బట్టల నుంచి రాలిన నూగు సందుల్లోంచి లోపలికి చేరి, బీరువా నెత్తిన ఏళ్ళకేళ్ళు పేరుకునే దుమ్ములా, మెత్తగా పరుచుకుని ఉంది. నవ్వుమొహం తొంగిచూసి ముక్కు మూసుకున్నాడు. డిటెక్టివమ్మ మాత్రం సంచీలోంచి పట్టకారు తీసి, తొందరపడకుండా, ఒక మూల నుంచి ఆ నూగుని పొరగా లేపింది.

పైపొర తెల్లగా ఉంది. దాని కింద ఇంకో పొర, పచ్చగా. ఆ పచ్చ పొర కింద, దానిలోనే పాతుకుపోయినట్టు, తెల్లదారంతో ముడేసిన తీగముక్క.

ఆవిడ నిటారుగా నిలబడింది.

"ఓనరుగారూ, ఆపరేషన్లప్పుడు డాక్టర్లు తొడుక్కునే ఆకుపచ్చ బట్టలు, అవీ ఇక్కడే ఉతికేవారా?"

"ఆఁ, ఉతికేవాళ్ళం. ఇప్పుడు లేవు. ఒకసారి వాడి పారేసేవి వచ్చాయిగా, వానలకి ముందే మానేశారు."

"అమ్మాయి ఎప్పుడు చేరింది?"

"వానలు వెలిశాక. జవాబులో రాశాంగా."

"అయితే ఇటు రండి. దీన్ని చూడండి. పచ్చ నూగు తీగ మీద పడింది. తీగ వచ్చి నూగు మీద పడలేదు. అంటే మీరు పచ్చబట్టలు ఉతికే రోజుల్లోనే ఈ తీగ ఇక్కడుంది. అప్పటికి ఆ పిల్ల ఈ గేటు మొహమే చూడలేదు. లేని మనిషి వచ్చి ఎలా కలిపిందండీ?"

అమీనా నిద్రమత్తు వదిలి దగ్గరికొచ్చి తొంగిచూశాడు. ఫొటోలు తీశారు. టైము మూడు కావస్తోంది.

నవ్వుమొహం నవ్వు చెదరలేదు. పైగా జేబులోంచి పెన్ను తీసి ఆవిడ చేతికిచ్చాడు.

"శభాష్ అక్కా. పొరల సంగతి నోటులో వివరంగా రాయండి. కింద నేనూ సంతకం పెడతాను."

ఓడిపోయేవాడు పెన్ను అందించడం ఆవిడ ఇదివరకు చూడలేదు. అయినా రాసింది. అతను చదవకుండానే సంతకం చేశాడు. అమీనా నోటు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

లాయరమ్మ చెప్పిన పని అక్కడితో అయిపోయింది. ఇంటికెళ్ళిపోవాల్సింది. కానీ గడువు ఇంకా గంట ఉంది, ఎదురుగా ఓనరు పాలిపోయిన మొహంతో నిలబడి ఉన్నాడు. సగం కుట్టిన జాకెట్టుని సూదితో సహా వదిలేసి లేచిపోవడం ఆవిడ వల్ల కాదు.

"రండి, మీ గదిలో మాట్లాడుకుందాం" అంది.

గది ఇరుకు. బల్ల, మూడు కుర్చీలు, బల్లమీద టేబుల్ ఫ్యాను. అమీనా మెషీను దగ్గరే ఉండిపోయాడు. నవ్వుమొహం వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. మామూలుగా అయితే ఓనరు తరఫు మనిషిగా 'ఈయన్ని ప్రశ్నలు వెయ్యడానికి వీల్లేదు' అని అడ్డుపడాలి. గోళ్ళు చూసుకుంటున్నాడు.

"ఆ పెట్టె జోలికి ఎవరెవరు వెళ్తారు?"

"చెప్పలేనండి. బోలెడుమంది."

"పచ్చబట్టలు ఉతికిన రోజుల్లో రోలరు ఎక్కువగా ఆగేదా?"

"ఆగేది. ఆ బట్టల కుట్లు దళసరి. కడ్డీకి తగిలేవి. గంటకి పదిసార్లు ఆగితే పనేం జరుగుతుంది?"

"ఆ తర్వాత ఆగడం మానేసింది."

ఓనరు ఫ్యాను తన వైపు తిప్పుకున్నాడు.

"ఆగే మెషీను ఉన్నట్టుండి ఆగడం మానేస్తే మీకు అనుమానం రాలేదా? గంటకి పదిసార్లు తిట్టుకునే మనిషి, ఒక్కరోజైనా 'ఇదేంటి, ఇవాళ బుద్ధిగా ఉంది' అనుకోలేదా?"

"అనుకున్నా."

"అనుకుని?"

"అమ్మా, మీకేం తెలుసు!" ఓనరు బల్ల మీద చరిచాడు. "బట్టలు ఆలస్యమైతే ఆస్పత్రివాళ్ళు నోటికొచ్చినట్టు తిట్టేవాళ్ళు. వేరేవాళ్ళకి ఇచ్చేస్తామనేవాళ్ళు. నలభైమంది పనివాళ్ళు నాకు! అందుకే చెప్పా. ఏం చేస్తారో చెయ్యండి, ఇక ఆగకూడదన్నా. చేతులు జాగ్రత్తగా పెట్టుకోమని అందరికీ చెప్పా. చెప్పానా లేదా? ప్రమాదమని నాకు తెలీదా? తెలుసు! తెలిసే చేయించా!"

ఆ ఆఖరి మాట గదిలో అలాగే నిలబడిపోయింది.

ఎవరి చేత చేయించారు? నాలిక చివరిదాకా వచ్చిన ప్రశ్న. అప్పుడే ఆవిడ చూపు టేబుల్ ఫ్యాను తీగ మీద పడింది. తీగ ఎప్పుడో తెగితే అతికించారు. నల్లటేపు చుట్టి, టేపు మీద తెల్లదారంతో దగ్గరదగ్గరగా కట్టి, చివర చిన్న ముడి. ఆవిరికి టేపు జిగురు ఊడిపోతుంది కనక, ఊడకుండా దారం. రోలరు పెట్టెలో నూగు కింద ఉన్న తీగకీ సరిగ్గా అదే కట్టు, అదే ముడి. ఇక్కడ తీగలు బాగుచేసేది ఆ మెకానికే.

జీవితంలో మొదటిసారి డిటెక్టివమ్మ ఒక ప్రశ్నని మింగేసింది.

గుమ్మం దగ్గర నవ్వుమొహం మెల్లగా చప్పట్లు కొట్టాడు. రెండే రెండు.

"థాంక్సండీ ఓనరుగారూ. రేపు పొద్దున్నే మా కంపెనీ నుంచి మీకు ఉత్తరం వస్తుంది. ఇక మీ లాయర్ని మీరే పెట్టుకోవాలి."

"అదేంటి! ఇన్నాళ్ళూ కట్టాను కదండీ పాలసీ!"

"అజాగ్రత్తకి కట్టారు. మర్చిపోతే, చూసుకోకపోతే, మీ పనివాడు మీకు తెలియకుండా తప్పు చేస్తే మేం కడతాం. తెలిసి తెలిసి రక్షణ తీయిస్తే కట్టం. మీరు సంతకం పెట్టిన పాలసీలోనే ఉంది. చదివుండరు. ఎవరూ చదవరు లెండి."

ఓనరు కుర్చీలో కూలబడ్డాడు. డిటెక్టివమ్మ గదంతా కలయజూసింది. బిల్డింగు అద్దెది, మెషీన్లు బ్యాంకువి. ఈ మనిషి దగ్గర ఇప్పించుకోవడానికి ఏముంది? కంపెనీ తప్పుకుంటే అమ్మాయి గెలిచినా చేతికొచ్చేది డిక్రీ కాగితమే. దాన్ని పటం కట్టించి గోడకి తగిలించుకోవాలి.

ఆవిడ నవ్వుమొహాన్ని వరండాలోకి లాక్కొచ్చినంత పని చేసింది.

"నీకు మొదటినుంచీ తెలుసు."

"అనుమానం ఉంది. తెలియడం వేరు."

"మరి నువ్వే తవ్వొచ్చుగా?"

"ఎలా తవ్వనక్కా? నేను ఓనరు పక్షం మనిషిని. కంపెనీ ఆయన్ని కాపాడుతున్నట్టే కదా లెక్క. కాపాడతానని పక్కన కూర్చుని జేబులు వెతికితే జడ్జి ఊరుకుంటాడా? అవతలివాళ్ళు తవ్వాలి. అందుకే మీరు మెషీను చూస్తామని అర్జీ పెడితే మావాళ్ళెవరూ కిక్కురుమనలేదు. డిటెక్టివమ్మ వస్తే సగంలో ఆగదని నేనే చెప్పా మా ఆఫీసులో."

"సిగ్గులేదురా నీకు?"

"ఉందక్కా. ఇంట్లో పెట్టి వస్తా" అన్నాడు. మొదటిసారి ఆ నవ్వు కొంచెం తగ్గింది. "నాకూ ఆడపిల్లలున్నారు. కానీ కట్టమని చెప్పే అధికారం నాకు లేదు. కట్టొద్దని చెప్పడానికే నన్ను పెట్టుకున్నారు."

ఆవిడ బాయిలరు గది వైపు నడిచింది.

మెకానిక్ బాయిలరు పక్కన బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆవిణ్ణి చూసి లేవబోయాడు. వద్దని సైగ చేసి తనూ ఎదురుగా గట్టు మీద కూర్చుంది.

"తీగ కలిపింది మీరేగా?"

ఆయన బుకాయించలేదు. చాలా రోజులుగా ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నవాడిలా తల ఊపాడు.

"అయ్యగారు ఆగకూడదన్నారు. కలిపా. పచ్చబట్టలు పోయాక తీసేద్దామనుకున్నా. రేపు తీద్దాం, ఎల్లుండి తీద్దాం... ఏ గొడవా లేదుగా అని మర్చిపోయా. ఆ మర్చిపోయిన మెషీను దగ్గరికే నా పిల్లని నేనే తీసుకొచ్చా తల్లీ. నర్సింగు సీటు వచ్చేదాకా నాలుగు రోజులు చేస్తానంది. మడతలు పెట్టే బల్ల దగ్గర పెట్టమన్నా. ఆ రోజు ఎవరో రాలేదని రోలరు దగ్గరికి పంపారు. నాకు తెలీదు."

"అరుపు విన్నప్పుడు?"

"అందరూ కడ్డీ పట్టుకుని వేలాడుతున్నారమ్మా, ఆగుతుందని. నేను కడ్డీ వైపు చూడను కూడా చూడలేదు. తిన్నగా మెయిను స్విచ్చు దగ్గరికి పరిగెత్తా. 'మా నాన్న తెలివి వల్ల మోచెయ్యి దక్కింది' అని మా చిట్టి ఊరంతా చెబుతుంది. ఆ మాట విన్నప్పుడల్లా..." ఆయన నూనె గుడ్డతో మొహం తుడుచుకున్నాడు. మొహానికి నల్లచార మిగిలింది.

డిటెక్టివమ్మ జరిగిందంతా చెప్పింది. ఓనరు చేయించాడంటే కంపెనీ కట్టదు. ఓనరుకి తెలియకుండా పనివాడు తన ఇష్టప్రకారం చేశాడంటే కడుతుంది. చెబుతున్నంతసేపూ ఆయన కళ్ళలో ఏదో వెలుగుతుంటే ఆవిడకి భయమేసింది.

"అయితే అంతేగా! నేనే చేశానంటా. అయ్యగారికి తెలీదంటా. కడతారుగా?"

"జైలుకి పంపుతారు మిమ్మల్ని."

"పంపనీ."

"మీ అమ్మాయికి తెలుస్తుంది."

ఆ వెలుగు ఆరిపోయింది. "తెలియనీ" అన్నాడు చివరికి. "కోపం వస్తే వస్తుంది. కోపం తెచ్చుకోడానికైనా బతకాలిగా."

ఆవిడ ఫోను మోగింది. లాయరమ్మ.

"అక్కడేం చేశారండీ మీరు? ఓనరు ఇప్పుడే పోలీసులకి ఫోను చేశాట్ట, స్టేషను నుంచి కబురొచ్చింది. మెకానిక్ తనకి తెలియకుండా తీగ కలిపాడని ఫిర్యాదు. పోలీసులు బయల్దేరారు. వినండి, ఇది మనకి మంచిదే. మెకానిక్ కాదనకుండా ఉంటే చాలు, పాలసీ నిలబడుతుంది. మీరు నోటులో ఓనరు మాటలేమీ రాయలేదుగా?"

"రాయలేదు. పొరల సంగతి ఒక్కటే."

"బతికించారు. ఇక ఇంటికెళ్ళండి. ఎవరితోనూ మాట్లాడకండి."

ఫోను పెట్టేసేసరికి గుమ్మంలో నీడ పడింది. నవ్వుమొహం. ఎంతసేపటి నుంచి ఉన్నాడో!

"ఓనరుగారు తేరుకున్నారక్కా. మన్నుతిన్న పాములా ఉన్నారనుకున్నా, నిమిషంలో పడగెత్తారు. తనకేమీ తెలియదట. గదిలో ఆ మాటే అనలేదట." మెకానిక్ వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. "మంచి ఏర్పాటే. ఆయన అబద్ధం, ఈయన అబద్ధం, రెండూ అతికినట్టు సరిపోతాయి."

"సరిపోతే నీకేం? నువ్వు విన్నావుగా, పోయి చెప్పుకో."

"అదేనక్కా బాధ. నేను ఆయన పక్షాన ఉండగా విన్న మాట. దాన్ని ఆయన మీదే సాక్ష్యంగా పెట్టనివ్వరు." కోటు జేబులోంచి మడిచిన కాగితం తీశాడు, కానీ ఇవ్వలేదు. దాన్ని వేళ్ళ మధ్య నలుపుతూ నిలబడ్డాడు. "ఆ గదిలో ఉన్నది ముగ్గురం. ఆయన చెప్పడు, నేను చెప్పడానికి వీల్లేదు. మిగిలింది ఒక్కరే. మిమ్మల్ని మా కంపెనీ సాక్షిగా పిలిపించమని ఇప్పుడే ఆఫీసుకి చెప్పా. ఇది అర్జీకి నేను చేత్తో రాసిన చిత్తు. రేపు సమన్లొస్తాయి. ఎల్లుండి బోనెక్కించి ప్రమాణం చేయించి ఒకటే ప్రశ్న అడుగుతారు. ఓనరు ఆ మాట అన్నాడా, లేదా."

డిటెక్టివమ్మ ఆ కాగితం వైపు చూసింది. అన్నాడంటే అమ్మాయి బతుకు పోతుంది. అనలేదంటే తన కళ్ళ ముందే ఈ మనిషి ఒక్కడూ మొత్తం నేరం మోస్తాడు, నేరం చేయించినవాడు చేతులు దులుపుకుని ఇంటికెళ్తాడు, ఆ అబద్ధానికి తన ప్రమాణం పూచీ. ఎన్నో కేసుల్లో ఎందర్నో బోనెక్కించి 'నిజం చెప్పు, పోయేదేముంది?' అన్న మనిషి ఆవిడ.

"నువ్వు అడక్కుండా ఉండొచ్చు తమ్ముడూ" అంది.

"మీరు ఓనర్ని అడక్కుండా ఉండొచ్చక్కా" అన్నాడు. ఈసారి నవ్వలేదు. కాగితం గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

గేటు దగ్గర జీపు ఆగిన చప్పుడైంది. మెకానిక్ లేచి, కుళాయి కింద చేతులు కడుక్కున్నాడు. నూనె పోయేదాకా, గోళ్ళ సందులు కూడా. కడిగి, తుడుచుకుని, గట్టు మీద కాగితాన్ని చూశాడు. చదవలేదు, ముట్టుకోలేదు.

"మీకు అబద్ధం చెప్పడం అలవాటు లేదు కదమ్మా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"నాకూ రాదు. చిట్టి చిన్నప్పుడు కూడా, మందు చేదుగా ఉండదని చెప్పి తాగించడం చేతనయ్యేది కాదు, వాళ్ళమ్మే తాగించేది." బూట్ల చప్పుడు దగ్గరవుతుంటే ఆయన చొక్కా గుండీ పెట్టుకున్నాడు. "ఎల్లుండి దాకా టైముందిగా తల్లీ. ఇద్దరం నేర్చుకోవాలి."